గర్భసంచి కోతల నిజం బయటపడిన తీరు

చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో భద్రాచలం వచ్చే ఆడవాళ్లతో నాలుగు మాటలు కలిపి చూడండి. ముప్పై దాటీ దాటకముందే గర్భసంచి తీయించుకున్నవాళ్లు కనిపిస్తారు. కారణం అడిగితే, "తెల్లబట్ట అవుతోందని పోతే స్కానింగ్ తీశారు. సంచికి పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుందన్నారు" అంటారు. ఇదే మాట తెలుగు పల్లెల్లో ఎక్కడైనా వినిపిస్తుంది.

చెల్లాచెదురుగా ఉన్న ఈ మాటలను అధ్యయనంగా మలిచినవాళ్లు డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి. లైఫ్-హెచ్ఆర్‌జి సంస్థ తరఫున వాళ్లు అప్పటి మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో ఆపరేషన్ అయిన ఆడవాళ్లనే నేరుగా అడిగారు. ఏ వయసులో తీశారు, ఎక్కడ తీశారు, ఏమని చెప్పి తీశారు? ఆస్పత్రి కాగితాల్లో దొరకని సంగతులు ఆ జవాబుల్లో దొరికాయి. మందులతో నయమయ్యే బాధలకు కూడా క్యాన్సర్ భయం చూపి కోత పెట్టారని తేలింది.

అసలు ఆ 'పుండు' ఏమిటి? గర్భాశయ ముఖద్వారం లోపలి పొర కొందరిలో కొంచెం బయటికి కనబడుతుంది. ఆ పొర సహజంగానే ఎర్రగా ఉంటుంది. కాన్పుల వయసులో అది మామూలే. క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కు తొలిమెట్టు కూడా కాదు. దాన్ని రోగమంటే మాత్రం ఆరోగ్యంగా ఉన్న మనిషి రోగి అయిపోతుంది. సంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ముట్లు ఆగిన వయసు బాధలన్నీ ముందే మీద పడతాయి. ఎముకలు గుల్లబారతాయి. కూలికి పోయే మనిషికి నడుమే ఆధారం కదా!

హాని చేయని దాన్ని రోగంగా తేల్చడాన్ని వైద్యలోకం ఓవర్‌డయాగ్నసిస్ అంటోంది. దక్షిణ కొరియాలో స్కానింగులు పెరిగాక 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణ రేటు 1993 నాటికన్నా 15 రెట్లయింది. చావులు మాత్రం తగ్గలేదు. ఓవర్‌డయాగ్నసిస్‌పైనే తొలి అంతర్జాతీయ సదస్సు 2013లో అమెరికాలోని డార్ట్‌మత్‌లో జరిగింది.

మన దగ్గర గర్భసంచి కోతలు ఎంత ఎక్కువో 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. రాజస్థాన్‌కు చెందిన డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పిచ్చింది. అనవసర కోతలను ఆపేందుకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

తీర్పు ఊరికి చేరాలంటే పాఠం కావాలి. ముట్లు ఆగాక రక్తం కనిపిస్తే, కలయిక తర్వాత రక్తం పడితే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి. ఉత్త తెల్లబట్టకు సంచి తీయమంటే మాత్రం మూడు ప్రశ్నలు అడగాలి: మందులు వాడి చూశారా? క్యాన్సర్ అని ఏ పరీక్షలో తేలింది? అండాశయాలు ఉంచుతారా? జవాబు తృప్తిగా లేకపోతే ఇంకో డాక్టర్‌కు చూపించుకోవాలి. ఈ ప్రశ్నలు మెడికల్ కాలేజీ తరగతిలోనూ, ఆశా కార్యకర్తల శిక్షణలోనూ, గూడేల్లో మహిళా సంఘాల సమావేశాల్లోనూ నేర్పాల్సినవి.