అర్జీయు, హక్కును

అమీర్‌పేట, పంజాగుట్ట వీధులలో నేడు శిక్షణాలయముల ఫలకములను, మెట్రో స్తంభములను చూచు బాటసారికి, ఈ ప్రాంతమును ఒకప్పుడు నిజాము సామంతులైన పైగా ప్రభువుల నీడ కప్పియుండెనన్న సంగతి తోచదు. నిజాము సంస్థానమున పైగాలకును పెద్ద జాగీర్లకును సొంత రెవెన్యూ కచేరీలు, సొంత పోలీసులు, సొంత న్యాయస్థానములు సైతము ఉండెను. శిస్తు వసూలు చేయువాడును, ఆ శిస్తు అన్యాయమన్న రైతు మొర వినవలసినవాడును ఒక్క ప్రభువు కొలువువారే యగుటచేత, న్యాయము ఆ ప్రభువు చిత్తవృత్తిని బట్టి నడచెడిది.

1921లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన ఫర్మానాచే న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖనుండి వేఱుచేసెను. బ్రిటిషు ఇండియాలో నాడు జిల్లా కలెక్టరే మేజిస్ట్రేటు అధికారమును చెలాయించుచుండెను. స్వతంత్ర భారతమునందును 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చిన పిమ్మటనే ఈ విభజన దేశమంతట స్థిరపడినది. ఇంతటి ముందుచూపు గల సంస్కరణమే యైనను, రాజు ఒసగినదానిని రాజే తిరిగి పుచ్చుకొనగలడు. జాగీర్లు 1949లో రద్దయినవి. 1950లో రాజ్యాంగము పౌరునికి ప్రాథమిక హక్కులనిచ్చి, వాటికై న్యాయస్థానముల తలుపు తట్టు అధికారమును ఒసగినది.

అధికారులపై మొర వినుటకు వేఱొక త్రోవయు గలదు. స్వీడను దేశము 1809 నాటి తన రాజ్యాంగముననే, అధికారుల తప్పులను విచారించుటకు పార్లమెంటు ఎన్నుకొను అంబుడ్స్‌మన్‌ను నెలకొల్పి, వారిని న్యాయస్థానమున నిలబెట్టు అధికారమును సైతము అతనికిచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1983లో వచ్చిన లోకాయుక్త చట్టము ఆ భావముయొక్క సంతానమే కాని, విచారణానంతరము లోకాయుక్త చేయగలుగునది ప్రధానముగా సిఫారసు మాత్రమే.

ఇక పాలకునికే నేరుగా మొరపెట్టుకొను త్రోవ మఱియొకటి. పంజాగుట్ట చేరువనున్న, అప్పటివఱకు ముఖ్యమంత్రి అధికార నివాసమైన ప్రగతిభవన్ ఎదుటి ఇనుపకంచెలు 2023 డిసెంబరు 7న తొలగింపబడినవి. మఱునాడే, జ్యోతిరావు ఫూలే ప్రజాభవన్‌గా పేరు మార్చుకొన్న ఆ భవనమున ప్రజాదర్బారు జరిగినది. తరువాత అదియే ప్రజావాణియై, మంగళ, శుక్రవారములందు దూరపు జిల్లాల వృద్ధులను, వితంతువులను, భూమి తగవులవారిని రప్పించినది. పాలకుని వాకిలి తెఱచుట మేలైన పనియే. అయితే తన మండలముననే తీఱవలసిన పింఛను కోసము, పట్టాదారు పాసుపుస్తకము కోసము వృద్ధురాలు రాజధానికి రావలసివచ్చుట గ్రామ కచేరీ విఫలమైనదనుటకు సాక్ష్యము. ప్రతి అర్జీకిని నిర్ణీత గడువులో కారణసహితమైన సమాధానమును వ్రాతమూలకముగా నిచ్చుట అధికారికి చట్టబద్ధ కర్తవ్యము కావలెను. ఆ గడువు దాటినచో అతడు జవాబుదారి కావలెను. ఇట్టి శాసనము గలనాడు, ఏ ప్రభుత్వము వచ్చినను, పోయినను, పౌరుని మొరకు విలువ తఱుగదు.