మునిగిన లోయ, పారుతున్న కాలువ

కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకులు ఏలిన విజయపురి నేడు నాగార్జునసాగర్ నీటి అడుగున ఉన్నది. లోయ మునిగిపోతుందని తెలిసి పురావస్తుశాఖవారు 1954 నుండి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపినారు. కొన్ని స్తూప, విహారాలను విడదీసి కొండమీదను, అనుపులోను తిరిగి కట్టినారు. ఆ నీరు లక్షల ఎకరాలను పండించినది, నిజమే. కాని రాళ్ళు కొన్ని దక్కినవి, లోయ దక్కలేదు.

అదే కాలంలో నైలునదికీ ఈ చిక్కే వచ్చినది. అస్వాన్ ఆనకట్టవల్ల అబూ సింబెల్ ఆలయాలు మునుగుతాయని 1960లో యునెస్కో లోకమంతటికీ పిలుపునిచ్చినది. 1964-68 మధ్య వాటిని ఎత్తైన చోటికి తరలించినారు. ఒక దేశపు సంపద మానవులందరిదీ అన్న ఆ భావమే 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒడంబడికకు దారితీసినది.

ఈ జాబితాలోనికి స్థలాలను యునెస్కో తానుగా ఎంచదు. ఆయా దేశమే ప్రతిపాదించవలెను. అంతకు ముందు కనీసం ఒక సంవత్సరం ఆ పేరు తాత్కాలిక జాబితాలో ఉండవలెను. చారిత్రక కట్టడాలను ఐకోమాస్ అనే నిపుణుల సంస్థ పరిశీలిస్తుంది. పిదప 21 దేశాల సంఘం నిర్ణయిస్తుంది. పది ప్రమాణాలలో ఒక్కటైనా నెగ్గవలెను. అదొక్కటే చాలదు, చట్టరక్షణ, నిర్వహణ పథకం కూడా చూపవలెను. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి 2021లో ఈ పరీక్ష నెగ్గినది. దాని సమీపాన రామప్ప చెరువు నేటికీ పొలాలకు నీరిస్తున్నది.

మనముంటున్న ఈ దేశం 2001లో ఒడంబడికలో చేరినది. 2011లో అల్ ఐన్, 2025లో షార్జాలోని ఫాయా జాబితాకెక్కినవి. ఫాయాలో రెండు లక్షల ఏళ్ళనాటి మనుషుల జాడలున్నవి. అల్ ఐన్‌లో హఫీత్ కొండ సమాధులు, హీలీ, బిదా బింత్ సౌద్‌లతోపాటు ఆరు ఒయాసిస్సులను చేర్చినారు. ఇది గమనించదగిన విషయం. ఖర్జూరపు తోట ఒక కట్టడం కాదు గదా! దానిని నిలిపినది ఫలజ్, అనగా భూమి అడుగున తవ్వి నీటిని తెచ్చే కాలువ. ఆ నీటిని తోటలవారు వంతులవారీగా పంచుకొనేవారు. మన పల్లెల్లో చెరువు తూము దగ్గర నీరటికాడు చూచిన పని వంటిదే ఇక్కడా ఉండేది.

అందుచేత రక్షణ అంటే కంచె వేయుట మాత్రమే కాదు. తోటకు నీరు, నీటికి వంతు, వంతు తెలిసిన మనిషి, అన్నీ ఉండవలెను. మన పిల్లలను అల్ ఐన్ తీసుకొని వెళ్ళినపుడు ఆ కాలువ వెంట నడిపించండి. మునిగిపోయిన మన విజయపురి కథ కూడా అక్కడే చెప్పండి.