అద్దెలో కలిసినవి

"కరెంటు, నీళ్ళు అద్దెలోనే కలిపేశాం. నీకే బాదరబందీ ఉండదమ్మాయ్" అంది ఇంటావిడ. 1991లో, కాకినాడలో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు పాత పెంకుటింట్లో తీసుకున్న గది అది. అద్దెలో ఇంకేం కలిశాయో నెల తిరక్కుండానే తెలిసింది. మీటరు వాళ్ళ వరండాలో ఉండేది. రాత్రి పది దాటితే నా గది ఫ్యూజు పీకేసేవారు. "ఒంటరి ఆడపిల్లకి అంతరాత్రి దాకా లైటెందుకూ?" అన్న ప్రశ్న బిల్లు గురించి కాదు. మాది పెద్దాపురమని తెలిశాకే ఆ అలవాటు మొదలైంది.

పెద్దాపురమంటే మరిడమ్మ జాతర, పాండవుల మెట్ట గుర్తుకురావాలి. చాలామంది మగవాళ్ళు మాత్రం ఆ పేరు వింటే ముసిముసిగా నవ్వుతారు. ఆ నవ్వు దాచేసే చరిత్ర ఒకటుంది. కళావంతుల కుటుంబాల్లో ఆస్తి తల్లి నుంచి కూతురికి వచ్చేది. కొడుకులుండగా కూతురికి వాటా లేదన్న రోజుల్లో ఆ ఆడవాళ్ళు తమ ఇంటికి తామే యజమానులు. 1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం బాలికలను దేవుడికి అంకితమివ్వడాన్ని ఆపింది. ఆపాల్సిందే. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఏడు రోజుల్లో ఇల్లు ఖాళీ చేయించే వీలు కల్పించింది. ఆమెకు రక్షణ గృహం చూపించింది గానీ, సొంత గడప చూపించలేదు. ఊరికంటిన ముద్ర మాత్రం, ఏ వృత్తితోనూ సంబంధం లేని మా తరం అమ్మాయిల వెంట కూడా అద్దె ఇళ్ళ దాకా వచ్చింది.

అద్దె ఇళ్ళకీ చట్టాలున్నాయి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం, అద్దెకున్నవారు అనుభవిస్తున్న సౌకర్యాలను సరైన కారణం లేకుండా ఆపకూడదంది. ఆపితే అప్పట్లో రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్ళే వీలుండేది. నేను వెళ్ళానా? లేదు. "ఏ ఊరమ్మా మీది?" అని అక్కడా అడుగుతారన్న భయం. కొవ్వొత్తులు కొనుక్కున్నాను, అంతే. విద్యుత్తు ప్రాథమిక సౌకర్యమనీ, యజమాని ఒప్పుకోలేదన్న కారణంతో అద్దెదారుకి దాన్ని నిరాకరించకూడదనీ సుప్రీంకోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు చదివిన రోజు నాకు ఆ గదే గుర్తొచ్చింది.

ఇప్పుడు పెద్దాపురంలో మా మేడ మీది వాటా అద్దెకిస్తున్నాను. విడిగా మీటరు పెట్టించాను. నీళ్ళ ట్యాంకూ వేరే. ఎంతో ఉదారంగా ఉన్నాననుకున్నాను. మొన్న పైవాటాలో ఉంటున్న నర్సమ్మాయి రాత్రి పదకొండింటికి మెట్లెక్కుతుంటే నా నోటివెంట వచ్చిన మాట: "ఇంత రాత్రయిందేమ్మా?"

"డ్యూటీ అండీ" అంది, తల దించుకుని. ఆ జవాబు నాకు చెప్పాల్సిన అవసరం ఆమెకి లేదు. మీటరు వేరు చేశానే గానీ, ఆ ప్రశ్నని ఇంకా అద్దెలోంచి తీసెయ్యలేదు.