వంశపారంపర్య కాల్షియం లోపం
కొల్లేటి చేపలు, పాలు దండిగా తినే ఇంట్లోనూ తరతరాలుగా రక్తంలో కాల్షియం తక్కువగా ఉండవచ్చు. పారాథైరాయిడ్ గ్రంథి కణాలపై ఉండే కాల్షియం గ్రాహకాన్ని 1993లో గుర్తించారు. 3వ క్రోమోజోముపై ఉన్న దాని జన్యువులో మార్పు ఈ వ్యాధికి కారణమని 1994లో తేలింది. మార్పుతో గ్రాహకం అతి సున్నితమవుతుంది. కాల్షియం తగ్గినా చాలినంత ఉన్నట్టు గ్రంథికి సంకేతం వెళ్లి, రక్తంలో కాల్షియాన్ని పెంచే పారాథైరాయిడ్ హార్మోన్ ఉత్పత్తి మందగిస్తుంది. మూత్రపిండాల్లోనూ ఇదే గ్రాహకం ఉంది కనుక, ఉన్న కాల్షియమూ మూత్రంలో పోతుంది. వేళ్లు కొంకర్లు పోవడం, మూతి చుట్టూ తిమ్మిరి, ఫిట్స్ దీని లక్షణాలు. కొందరికి ఏ బాధా ఉండదు.

మన దగ్గర విటమిన్ డి లోపమే ఎక్కువ కదా, జన్యువుల దాకా ఎందుకని అడగవచ్చు. నిజమే, ముందు దాన్నే చూడాలి. కానీ ఆ లోపంలో హార్మోన్ పెరుగుతుంది, ఫాస్ఫరస్ సాధారణంగా తగ్గుతుంది; ఇక్కడ హార్మోన్ పెరగదు, ఫాస్ఫరస్ ఎక్కువగా ఉంటుంది. ఇక మేనరికాన్ని నిందించడం అన్యాయం: తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి మారిన జన్యువు వచ్చినా చాలు, ప్రతి బిడ్డకూ ఆ అవకాశం 50 శాతం.

విటమిన్ డి లోపానికీ దీనికీ తేడా తెలియకపోతే వైద్యమే హాని చేస్తుంది. రక్తంలో కాల్షియాన్ని మామూలు స్థాయికి తేవాలని మాత్రలు, విటమిన్ డి పెంచితే అదంతా మూత్రంలోకి చేరి మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడవచ్చు, వాటి పనితీరూ దెబ్బతినవచ్చు. అందుకే బాధ లేనివారికి సాధారణంగా మందులు ఇవ్వరు. బాధ ఉన్నవారికి అది తగ్గేంత మోతాదే ఇస్తూ, మూత్రంలో కాల్షియాన్ని తరచూ పరీక్షిస్తారు.