సరిహద్దు పల్లెల పక్షులు: ఋతువులను బట్టి గుర్తించే విధానం

పక్షిని గుర్తించడానికి రంగు, పరిమాణం, ముక్కు, కాళ్లు ఎంత ముఖ్యమో, అది కనిపించే మాసమూ అంతే ముఖ్యం. ఒకే పక్షి ఒక ఋతువులో గొంతెత్తి పాడుతుంది, మరొక ఋతువులో మౌనంగా ఉంటుంది, ఇంకొక ఋతువులో రంగు మారుతుంది. ఆంధ్ర రాష్ట్ర సరిహద్దులలోనూ, వాటిని ఆనుకుని ఉన్న ఒడిశా, కర్ణాటక, తమిళనాడు ప్రాంతాలలోనూ కనిపించే ముఖ్యమైన పక్షుల వివరాలను ఋతుక్రమంలో ఈ వ్యాసం అందిస్తుంది.

'సైబీరియా పక్షులు' అనే పొరపాటు

దూరం నుంచి వచ్చే ప్రతి పెద్ద కొంగనూ సైబీరియా పక్షి అనడం మన పల్లెలలో వాడుక. ఇందులో నిజానిజాలు తెలుసుకోవడానికి ఒక సులభమైన సూత్రం ఉన్నది. ఉత్తర దేశాల నుంచి చలికాలంలో వచ్చే బాతులు ఇక్కడ మేత కొరకు మాత్రమే ఉంటాయి. అవి గుడ్లు పెట్టి పిల్లలను పెంచేది వేసవిలో, తమ స్వస్థలంలోనే. కాబట్టి ఊరి చెట్టుపై గూడు కట్టి పిల్లలను లేపే కొంగ సైబీరియాది కాదు. అది భారత ఉపఖండానికి, దాని పొరుగు దేశాలకు చెందిన పక్షియే. నీరు, మేత ఎక్కడ దొరికితే అక్కడికి తరలుతూ ఉంటుంది.

వర్షఋతువు

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలో, ఒడిశా సరిహద్దుకు సమీపంలో ఉన్న తేలుకుంచి గ్రామానికి తొలకరితో నత్తగుల్ల కొంగలు వస్తాయి. అవి ఆలస్యమైతే వానలు కూడా ఆలస్యమవుతాయని గ్రామస్తుల నమ్మకం. దీనికి ఆధారం లేకపోలేదు. వీటి ప్రధాన ఆహారం నత్తలు. వరి మడులలో నీరు నిలిచినప్పుడే నత్తలు పుష్కలంగా దొరుకుతాయి. ముక్కు మూసినా నడుమ సందు కనిపించడం ఈ కొంగ గుర్తు. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. థాయ్‌లాండ్‌లో కాలికి గుర్తు కట్టిన ఇటువంటి కొంగ ఒకటి సుమారు 1,500 కిలోమీటర్ల దూరాన బంగ్లాదేశ్‌లో దొరికింది. ఇవి దూరప్రయాణం చేయగలవు, కానీ వీటి దారి సైబీరియా వైపు కాదు.

గిజిగాడు గూడు అల్లేది కూడా ఈ కాలంలోనే. అల్లేది మగపక్షి. అప్పుడు దాని నడినెత్తి పసుపుపచ్చగా మెరుస్తుంది. సగం అల్లిన గూడును ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది, నచ్చితేనే అల్లిక పూర్తవుతుంది. ఈ ఋతువు గడిచాక మగపక్షి పసుపు వన్నె కోల్పోయి పిచ్చుకను పోలి ఉంటుంది. అందువలన శీతాకాలంలో పొలంలో తిరిగే గిజిగాడిని చాలామంది పిచ్చుక అనుకుంటారు.

శరదృతువు

దసరానాడు పాలపిట్టను చూడడం శుభమని తెలుగువారి నమ్మకం. తెలంగాణ, కర్ణాటక, ఒడిశాలకు ఇది రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నది. కూర్చున్నప్పుడు గోధుమ వన్నెగా కనిపించే పాలపిట్ట, రెక్క విప్పగానే నీలివన్నెలతో వెలుగుతుంది. తీగలపై కూర్చుని, నేలపై పురుగు కనిపించగానే దిగి పట్టుకుంటుంది. పండుగ పేరిట దీనిని పట్టి పంజరంలో ఊరేగించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం.

టెక్కలి మండలం తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు నుంచి రావడం మొదలుపెడతాయి. పై ముక్కుపై చుక్కలు, దాని కింద సంచి గూడబాతు గుర్తులు. పసుపుపచ్చని పొడవాటి ముక్కు, నారింజ వన్నె బోడిముఖం, తోక దగ్గర గులాబి ఈకలు ఎర్రకాళ్ల కొంగ గుర్తులు. పిల్లలు మాత్రం బూడిద, గోధుమ వన్నెలలో ఉంటాయి. వాటిని వేరే జాతి అనుకోరాదు.

హేమంత, శిశిర ఋతువులు

నిజమైన ఉత్తరదేశపు అతిథులను చూడవలసినది ఇప్పుడే. 1981లో రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఒడిశాలోని చిలికా సరస్సులో, నలబణ దీవి చుట్టూ వేలాది బాతులు చేరతాయి. తల వెనుక రెండు నల్లని పట్టెలు గల పెద్ద బాతు మంగోలియా, టిబెట్ ప్రాంతాల నుంచి హిమాలయాలను దాటి వస్తుంది.

తమిళనాడు సరిహద్దులోని పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు గుంపులుగా మేస్తాయి. భారతదేశంలో వీటి ప్రధాన పుట్టినిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్ ప్రాంతం. సమీపంలోని నేలపట్టులో గూడబాతులు చెరువులోని కడప చెట్లపై గూళ్లు కడతాయి. వాటి రెట్ట కలిసిన నీరు పొలాలకు ఎరువుగా ఉపయోగపడుతుంది.

వసంత, గ్రీష్మ ఋతువులు

కోకిల శీతాకాలంలో ఎక్కడికీ పోదు, కూత మాత్రమే తగ్గిస్తుంది. కూసేది నల్లని మగపక్షి. చుక్కలు గల గోధుమ వన్నె ఆడపక్షి కాకి గూటిలో గుడ్లు పెడుతుంది.

కర్ణాటక సరిహద్దున చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు సంవత్సరారంభంలో వచ్చి చింతచెట్లపై పిల్లలను పెంచి, వర్షాకాలంలో తరలిపోతాయి. ఉత్తరాన తేలినీలాపురంలో శరత్తులో చేరే పక్షి, ఇక్కడ శిశిరంలో చేరుతుంది. కాబట్టి పుస్తకంలోని నెల కన్న ఊరి చెరువులోని నీటిమట్టమే సరియైన పంచాంగం. పురిటికి వచ్చిన ఆడపడుచులుగా వీరాపురం వాసులు వీటిని భావిస్తారు. మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరుకు ఆ పేరు వచ్చినది కూడా కొంగల వలననే. కన్నడంలో 'కొక్కరె' అంటే కొంగ.

గమనించవలసిన ప్రమాదం

2017 చివరి నుంచి కొక్కరె బెళ్లూరులోనూ, 2021 చివర నుంచి తేలినీలాపురంలోనూ గూడబాతులు నులిపురుగుల వలన మరణించాయి. ఈ పురుగులు చేపల ద్వారా పక్షి శరీరంలో చేరతాయి. చెట్టు కింద చచ్చిన పక్షులు కనిపిస్తే వట్టి చేతులతో తాకరాదు, పిల్లలను, కోళ్లను దగ్గరకు పోనీయరాదు. అటవీ శాఖకు, పశువైద్యునికి వెంటనే తెలియజేయాలి. గూళ్లున్న చెట్టును నరికితే ఒక్క చెట్టే కాదు, ఆ ఏటి సంతానమంతా నేలపాలవుతుంది.

నోటు పుస్తకం

ప్రతి ఇంటిలో ఒక నోటు పుస్తకం ఉంచి, మొదటి కొంగ వాలిన తేదీ, మొదటి కోకిల కూత, గిజిగాడి గూడు కనిపించిన రోజు, ఆ నాటి చెరువు నీరు, వాన వివరాలు వ్రాసుకోవచ్చు. పక్షి పేరును తెలుగుతోపాటు పొరుగు భాషలోనూ వ్రాయడం మేలు. పక్షి రాకలో ఆలస్యం గానీ, సంఖ్యలో తగ్గుదల గానీ ఏర్పడితే, నాలుగైదు సంవత్సరాల ఆ లెక్కలే ఊరివారికి ముందుగా తెలియజేస్తాయి.