పసుపు: నోటిమాట నుంచి రాతదాకా

మన ఇళ్లల్లో పసుపు లేని రోజు లేదు. గడపకు పసుపు, పేరంటానికి పసుపు, పప్పులో పసుపు, కత్తిపీటకు వేలు తెగితే పసుపు. ఎవరు నేర్పారంటే చెప్పలేం. అమ్మ చేస్తుంటే చూశాం, మనమూ చేస్తున్నాం. నిజామాబాద్, దుగ్గిరాల పేరు చెబితే ముందు పసుపు మార్కెట్టే గుర్తొస్తుంది. అలాంటి పసుపు వైద్యం మీద ఒకప్పుడు పరాయి దేశంలో హక్కు రాయించుకున్నారు. ఆ సంగతి సంఘ సభ్యులందరం తెలుసుకోవాలి.

1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం, పసుపుతో పుండ్లు మాన్పడం కొత్తగా కనిపెట్టిన పద్ధతి అని ఒప్పుకుని, మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చింది. అంటే ఆ పద్ధతి మీద ఆ దేశంలో హక్కు వాళ్లదే. దరఖాస్తు పెట్టిన ఇద్దరు పరిశోధకులూ భారత సంతతివాళ్లే. మన దేశపు సీఎస్ఐఆర్ సంస్థ, ఆర్.ఎ. మషేల్కర్ నాయకత్వంలో, 1996లో దీన్ని సవాలు చేసింది.

"మా దేశంలో ఇంటింటా తెలిసిందే" అంటే అక్కడ చెల్లలేదు. వేరే దేశంలోని వాడుకను అప్పటి అమెరికా చట్టం లెక్కలోకి తీసుకోదు, అచ్చులో ఉంటేనే సాక్ష్యం. అందుకే పాత గ్రంథాలు, పత్రికలు వెతికి 32 ఆధారాలు చూపించారు. 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం వాటిలో ఒకటి. 1997లో పేటెంటు రద్దయింది. తర్వాత 2001లో మన సంప్రదాయ వైద్య జ్ఞానాన్ని కంప్యూటర్లో భద్రపరిచే గ్రంథాలయం పని మొదలైంది.

తీర్మానాల పుస్తకంలో ఎక్కని మాట నిలబడదని మన సంఘాలకు కొత్తగా చెప్పాలా! అయితే రాసేటప్పుడు గుణంతో పాటు హద్దు కూడా రాయాలి. అమ్మమ్మ చేసిందల్లా మంచిదే అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

• పురిటిబిడ్డ బొడ్డుకు పసుపు పెట్టొద్దు. దాంతో క్రిములు లోపలికి పోవచ్చు. బొడ్డును శుభ్రంగా, పొడిగా ఉంచాలి.

• లోతుగా తెగితే పసుపు అద్ది ఊరుకోకూడదు. శుభ్రమైన నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. టీటీ ఇంజెక్షన్ అవసరమేమో అడగాలి.

• కూరలో వేసే చిటికెడు పసుపుతో భయం లేదు. కుర్కుమిన్ మాత్రల సంగతి వేరు. వాటితో, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవాటితో, కొందరికి కాలేయం దెబ్బతింది. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

• షుగరు, కామెర్లు ఉన్నవాళ్లు పసుపు పాలు తాగుతున్నాం కదా అని మందులు మానొద్దు.

• కొన్నిచోట్ల రంగు కోసం కొమ్ములకు, పొడికి లెడ్ క్రోమేట్ కలుపుతారు. అందులోని సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. మరీ మెరిసే కొమ్ములు కొనొద్దు.

పసుపు ఆడించి అమ్మే మన సంఘాలు రంగు కలపకూడదు, పొట్లం మీద "రోగం తగ్గిస్తుంది" అని రాయకూడదు. చట్టం కూడా అదే చెబుతోంది.

వచ్చే నెల సమావేశంలో ప్రతి సంఘమూ పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లకు తెలిసిన పసుపు వాడకాలు పుస్తకంలో రాయండి. ఏఎన్ఎం గారిని పిలిచి, ఏది కొనసాగించాలో ఏది మానాలో పక్కనే రాయించండి. మన మనవరాళ్లకు రెండూ కావాలి.