‘మోటివేటెడ్ సెల్లర్’ అంటే ఎవరి తొందర?

అమెరికాలో ఇల్లు కొందామని లిస్టింగులు చూసేవాళ్ళకి ‘మోటివేటెడ్ సెల్లర్’ అనే మాట తరచూ కనబడుతుంది. మన ఊళ్ళలో గోడమీద ‘అర్జెంట్ సేల్’ అని రాస్తారు చూడండి, అలాంటిదే. చదవగానే మనకి ఏమనిపిస్తుంది? వీళ్ళు తొందరలో ఉన్నారు, బేరమాడితే దిగుతారు అని. కానీ ఆ తొందర ఎవరిది? ఎక్కడినుంచి వచ్చింది? అది తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి.

ముందు 1930ల మాంద్యం. అప్పటి ఇంటి అప్పులు ఇప్పటిలా 30 ఏళ్ళవి కావు. చాలా అప్పులకి గడువు మూడు నుంచి ఐదేళ్ళే. అప్పటిదాకా వడ్డీ కడుతూ పోవాలి, గడువు రాగానే అసలు మొత్తం తీర్చాలి, లేదా అప్పు తిరగరాయించుకోవాలి. బ్యాంకులే మూతపడుతుంటే తిరగరాసేది ఎవరండీ? 1933 నాటికి రోజుకి సుమారు వెయ్యి ఇళ్ళు జప్తులోకి వెళ్ళాయి. ఆ ఏడాదే ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ పెట్టి, దాదాపు 10 లక్షల అప్పుల్ని దీర్ఘకాలపు వాయిదాల్లోకి మార్చింది. అంటే ఆనాటి తొందర మనిషి మనసులో పుట్టింది కాదు, అప్పు పత్రం మీదున్న తారీకులో పుట్టింది.

రెండోది 1980ల మొదలు. ద్రవ్యోల్బణాన్ని అణచడానికి ఫెడరల్ రిజర్వ్ బిగించింది. 1981 అక్టోబరులో 30 ఏళ్ళ లోను వడ్డీ 18 శాతం దాటింది. కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. కానీ బదిలీలు, విడాకులు, ఇంట్లో చావులు వడ్డీ దిగేదాకా ఆగవు కదా! అందుకని కొందరు ఓనర్లు తామే కొనేవాళ్ళకి అప్పిచ్చి వాయిదాల మీద అమ్మారు. సరిగ్గా ఆ రోజుల్లో, 1980లో, రాబర్ట్ అలెన్ ‘నథింగ్ డౌన్’ అనే పుస్తకం వేశాడు. చేతి డబ్బు పెద్దగా పెట్టకుండా ఇళ్ళు కొనడం ఎలా అని. అందులో కీలకం, వదిలించుకోవాలని చూస్తున్న ఓనర్ని వెతికి పట్టుకోవడం. ఒకరి ఇబ్బంది ఇంకొకరికి వ్యాపార సూత్రం అయింది.

ఇక ఏజెంటు సంగతి. ఓనరు ఎందుకు అమ్ముతున్నాడో ఏజెంటు బయటపెట్టకూడదు, అది కాపాడాల్సిన రహస్యం. మరి ఓనరు ఒప్పుకుని ‘మోటివేటెడ్’ అని వేయిస్తే లాభం ఎవరికి? ఒక లెక్క వేద్దాం. ఏజెంటు చేతికి చివరికి 1.5 శాతం వస్తుందనుకోండి. ఇంకొన్నాళ్ళు ఆగితే ధర 10,000 డాలర్లు పెరుగుతుంది, కానీ ఏజెంటుకి దక్కేది 150 డాలర్లే. దానికోసం ఎవరు ఆగుతారు? స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు చికాగో పరిసరాల్లో దాదాపు లక్ష అమ్మకాలు పరిశీలించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్ళు అమ్ముకున్నప్పుడు సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగారు, 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారు. అంటే లిస్టింగులో కనబడే తొందర కొన్నిసార్లు ఓనరుది కాదు, మధ్యవాళ్ళది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1990లలో బోస్టన్ కాండోల మీద డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ పరిశోధన చేశారు. ఎక్కువ ధరకి కొని, మార్కెట్ పడిపోయాక అమ్మకానికి పెట్టినవాళ్ళు ఎక్కువ రేటు చెప్పారు, ఎక్కువకాలం అమ్ముడుపోక కూర్చున్నారు. అవసరం ఉండొచ్చు, కానీ నష్టానికి అమ్మడానికి మనసు ఒప్పుకోదు.

కాబట్టి ఆ మాటని కాదు, తారీకుల్ని చదవండి. లిస్టింగు పెట్టి ఎన్నాళ్ళైంది? ధర ఎన్నిసార్లు తగ్గింది? ఏ ఏడాది, ఎంతకి కొన్నారు? అప్పు ఎంత ఉంది? అమెరికాలో ఏ ఏడాది కొన్నారు, రిజిస్టరైన అప్పు ఎంత లాంటివి సాధారణంగా కౌంటీ రికార్డుల్లో దొరుకుతాయి. మన తెలుగు రాష్ట్రాల్లో అయితే ఈసీ తీయించండి, రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు అందులో కనబడతాయి. అమ్మేవాళ్ళయితే ఒక్కటే గుర్తుపెట్టుకోండి: మీ అవసరం మీ గుట్టు. దాన్ని బోర్డు మీద రాయించే ముందు, ఆ తొందర నిజంగా మీదేనా అని ఒకసారి ఆలోచించండి.